మైకు బాలసుబ్రమణ్యం గొంతు

మైకు బాలసుబ్రమణ్యం తన గొంతును చూసుకున్నంత శ్రద్ధగా చిత్తూరులో ఎవరూ పాడి ఆవును కూడా చూసుకోరు. జాతరల్లో, తిరునాళ్ళలో తప్పిపోయినవాళ్ళను మైకులో పిలవడం ఆయన పని. ఏడాదికి ముప్ఫై నలభై రోజులు ఆ పని. మిగతా రోజులన్నీ గొంతుకు కాపలా.

పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్ళు, గుక్కెడు గుక్కెడుగా. ఐసు తగలకూడదు, పొగ తగలకూడదు, రాత్రి ఏడు దాటితే మెతుకు తగలకూడదు. గొంతు గరగరమంటే సవరించుకోడు, నీళ్ళతో మింగేస్తాడు. గుసగుసలు అరుపులకంటే చేటని ఎవరో డాక్టరు చెప్పాడట, దాంతో రహస్యాలు కూడా మానేశాడు. కేక అన్నది ఆ ఇంట్లో లేనే లేదు. భార్య పంకజాక్షి పెరట్లో ఉంటే అక్కడిదాకా నడిచి వెళ్ళి, ఎదురుగా నిలబడి, 'ఉప్పు' అని వెనక్కి వచ్చేవాడు. తక్కువైందో ఎక్కువైందో ఆమే రుచి చూసి తేల్చుకోవాలి. ముప్ఫై ఏళ్ళ కాపురం ఇలాగే నడిచింది.

ఒకసారి ఎదురింటి ఢిల్లీబాబు, మైకుసెట్టు ఓనరు, అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే వెనక గోడవారన తాచుపాము వచ్చింది. చూసింది బాలసుబ్రమణ్యమే. వీధి దాటాడు. గేటు తీశాడు. మళ్ళీ గేటు వేశాడు. దగ్గరికి వచ్చి భుజం తట్టి, మామూలు గొంతుతో 'పాము' అన్నాడు. ఢిల్లీబాబు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు, మోకాలి చిప్ప జరిగింది.

"ఆణ్నించే ఒక కేకెయ్యకూడదా సామీ?"

"పాము పోతే మళ్ళా వస్తాది. గొంతు పోతే రాదు."

వడమాలపేటలో పంకజాక్షి తల్లి పోయినప్పుడు జరిగింది ఇంకా ఘోరం. శవం చుట్టూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే ఈయన ఫ్లాస్కు పట్టుకుని వరసగా వేణ్ణీళ్ళు పోస్తూ పోయాడు. కడుపులోనుంచి ఏడవండమ్మా, గొంతుతో ఏడిస్తే రేపటికి మాట రాదని హితవు కూడా చెప్పాడు. తను మాత్రం పాడె లేచేదాకా కిక్కురుమనలేదు. ఈ మనిషికి మనుషులు అక్కర్లేదు, గొంతుంటే చాలు అని పంకజాక్షి ఆ రోజే అనుకుంది.

అంత కాపాడిన గొంతులోనే కాయ లేచింది. పోయిన ఏడు కాణిపాకం బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో డాక్టరు గొట్టం దించి చూసి, గురువారం ఆపరేషన్ అన్నాడు. అంతవరకు మాటే వద్దన్నాడు. ఒక్క కేక వేసినా చీరుకుపోతుంది, ఆ తరవాత పూచీ తనది కాదన్నాడు. బయటికి వచ్చాక బాలసుబ్రమణ్యం భార్యకు చీటీ రాసిచ్చాడు: 'ఈ ఏటితో మైకు మానేస్తా. గొంతు బాగైనాక నీతోనే మాట్లాడతా.' ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆమెతో ఆడిన అతి పొడుగైన మాట అదే. గురువారం దాకా ఆ గొంతు నిలిస్తే చాలు, ఆమెకు ఇంకేమీ వద్దు.

అందుకే సోమవారం కాణిపాకంలో మైకు గుడారంలోకి ఆమె కూడా వచ్చి, మాట వద్దన్నా ఉత్సవం మానలేని మొగుడి పక్కన పోలీసులా కూర్చుంది. పేర్లు ఢిల్లీబాబే చదువుతున్నాడు.

మిట్టమధ్యాహ్నం దామోదరం అనే ఆయన వచ్చాడు. శ్రీ సిటీలో పని. తల్లి అలివేలమ్మను దర్శనానికి తెచ్చాడు. మతిమరుపు మనిషి, పొద్దున ఆరింటికి చెయ్యి వదిలించుకుని పోయింది, అప్పట్నుంచీ వెతుకుతున్నాడు. ఏటి గట్టు మీద చూశామని ఒకరు, లారీలు తిరిగే రోడ్డెక్కిందని ఒకరు చెప్పారు. ఆమె చెప్పులు అతని చేతిలో ఉన్నాయి. ఢిల్లీబాబు పది సార్లు పిలిచాడు. దామోదరమే మైకు తీసుకుని అమ్మా అమ్మా అని పిలిచాడు. ఆమె రాలేదు.

బాలసుబ్రమణ్యం అట్ట మీద రాసి చూపించాడు: 'ఎవరు పిలిస్తే పలుకుతుంది?'

"మా నాయన పిలిస్తేనే. ఆయప్ప పోయి నాలుగేండ్లయింది. నన్నే ఎవురు నువ్వంటా ఉండాది."

'ఎలా పిలిచేవాడు?'

దామోదరం పంకజాక్షిని చూసి సిగ్గుపడ్డాడు. "పేరెత్తింది లేదన్నా. గొంతు సించుకొని అరిసేవాడు. ఏమే, యాడ సచ్చినావే, కూడు పెడ్తావా లేదా అని."

బాలసుబ్రమణ్యం లేచి నిలబడ్డాడు. పంకజాక్షి గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"పేర్లు సదివేదానికి నేను సాలనా వదినా," అన్నాడు ఢిల్లీబాబు మెల్లగా. "ఈయప్ప బిడ్డలు తప్పిపోతే వాళ్ళమ్మ మాదిరి పిలుస్తాడు. అవ్వ సాకిన బిడ్డయితే అవ్వ మాదిరి. ఇంటోళ్ళను అడిగి అడిగి నేర్సుకుంటాడు. అన్ని గొంతులు పలకాలంటే ఆ గొంతు బాగుండాల గదా. నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పాలంటే మాటలు ఖర్చవుతాయి.

పంకజాక్షి మొగుణ్ణి చూసింది. దామోదరం చేతిలోని చెప్పుల్ని చూసింది. బయట రోడ్డు నిప్పుల్లా కాలుతోంది. ఆమె చెయ్యి వదిలేసింది.

"పిలిస్తే ఆమె పలికేట్లుగా పిలువు. ఉత్తపుణ్యానికి గొంతు పోగొట్టుకోవద్దు."

ఆయన పిలిచాడు. కాణిపాకం అంతా ఆ తిట్టు మోగింది. క్యూలో ఉన్న ఆడవాళ్ళు పదిమంది ఉలిక్కిపడి తమ మొగుళ్ళ వైపు చూశారు. 'లేదా' అన్నచోట గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. బాలసుబ్రమణ్యం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. తువ్వాలు మీద ఎర్రటి మరక.

పావుగంట గడిచింది. అన్నదానం వైపు నుంచి ఒక ముసలామె ఒట్టి కాళ్ళతో, చేతిలో సాంబారన్నం విస్తరితో, మండిపడుతూ వచ్చింది.

"వస్తా ఉండా గదా. అంత అరుపేంది, ఊరు నవ్వేదానికా? యాడుండాడు ఆ మనిషి?"

అందరూ బాలసుబ్రమణ్యాన్ని చూపించారు. ఆమె ఎగాదిగా చూసి, విస్తరి ముందు పెట్టి, తినేదాకా కదలకుండా కూర్చుంది. గొంతు మండిపోతున్నా ఆయన మెతుకు మిగల్చలేదు. దామోదరం కింద కూర్చుని తల్లి కాళ్ళకు చెప్పులు తొడిగాడు.

గురువారం డాక్టరు తిట్టాల్సినంతా తిట్టి ఆపరేషన్ చేశాడు. రెండు నెలలకు గొంతైతే వచ్చింది, రేకు డబ్బాను రోడ్డు మీద ఈడ్చినట్టు. మైకుకు పనికిరాదు. పనికిరాని దానికి కాపలా ఎందుకని బాలసుబ్రమణ్యం మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇంతవరకు ఆపలేదు. పంకజాక్షి వంటింట్లో ఉంటే వీధి మలుపు నుంచే కేకేస్తాడు. ఎదురింటి ఢిల్లీబాబు కిటికీ మూసుకుంటాడు. ఆమె మాత్రం మొదటి కేకకు పలకదు. రెండోసారి పిలిపించుకుంటుంది.