అంచుల నుంచి నడుమకు

మా ఆయన గుండె ఆగి పోయినప్పుడు నేను ఏడవలేదు. కర్మంతరం నాడు కూడా ఏడుపు రాలేదు. "దీనిది మనిషి గుండెనా, బండరాయా" అని చుట్టాలు నా ముందరే అనుకున్నారు. అనుకుంటే అనుకోనీ, నాకేం? అన్నం రుచి తెలిసేది కాదు, కోపమూ వచ్చేది కాదు.

నా బిడ్డకు నాలుగేండ్లు. వాళ్ల నాయనను పాడె మీద ఎత్తుకపోయిన పొద్దు నుంచి దానికి ఉలుకూ పలుకూ లేదు. మా అత్త దర్గాకు తీసకపోయి తాయెత్తు కట్టించింది. మా మరిది అనంతపురంలో డాక్టరుకు చూపించినాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాని గడ్డం పట్టుకుని "మాట్లాడమ్మా, ఒక్క మాట" అనేవాళ్లు. "తల్లి పలకరిస్తే కదా బిడ్డ పలికేది" అని మా అత్త సాధించేది. నా నోట్లో మాటుంటే కదా పలకరించేది!

కళ్యాణదుర్గంలో మా వీధి చివర చిన్న మాంటిస్సోరి బడి ఉండాది. దాన్ని నడిపే టీచరమ్మ ఇంటికొచ్చి, "పాపను నాకాడికి పంపీమ్మా" అనింది. పంపినా. ఇంటికి పోబుద్ధి గాక నేనూ ఆ బడి అరుగు మీదనే కూర్చునేదాన్ని.

ఆడ అ ఆలు లేవు, బెత్తం లేదు. గుండీలు పెట్టుకునేది, చిన్న చెంబులో నుంచి గ్లాసులోకి నీళ్లు పోసేది, ఇవే పాఠాలు. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊర్లో నీళ్లతో పాఠమేందప్పా! మా ఇండ్లలో గ్లాసు ఒలికితే ముందు బిడ్డ వీపు మోగుతాది. ఆ టీచరమ్మ తన ఇంటి నీళ్ల వాటాలో నుంచి రోజూ ఒక బిందె చంకన పెట్టుకుని తెచ్చేది. అడిగితే, "మేం గుడ్డలు రెండు దినాలకొకసారి ఉతుక్కుంటాంలేమ్మా" అని నవ్వింది. మధ్యాహ్నం ఆ నీళ్లు కరేపాకు చెట్టుకు పోసేది.

ఒకనాడు నా బిడ్డ చేతిలో చెంబు ఒరిగి చాపంతా తడిసింది. నేను దిగ్గున లేచినా. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, "కూర్చోమ్మా, అది పాప పని" అనింది. పాప పక్కన నేల మీద చతికిలబడి, గుడ్డ తీసుకుని అంచుల నుంచి నడుమకు ఒక్కసారి తుడిచి చూపించింది. బయట నుంచి లోపలికి తుడిస్తే నీళ్లు పారవంట. మిగిలింది పాప తుడిచింది. ఊరంతా దాన్ని మాట్లాడమని పీడిస్తాంటే, ఒక్కసారన్నా అడగంది ఆయమ్మ ఒక్కతే. అట్లా నెలలు గడిచినాయి.

ట్యాంకరు రాని ఒక పొద్దున ఇంట్లో పాప తాగేదానికి నీళ్లు పోసుకుంటాంటే చెంబు జారింది. "ఓసి నీ పాడుగాను, మళ్లా యాడ తెచ్చేదే నీళ్లు!" అని మా అత్త చెయ్యెత్తింది. బిడ్డ బెదరలేదు. గుడ్డ తెచ్చుకుని కూర్చునింది.

"నేను తుడుస్తా అవ్వా."

మా అత్త చెయ్యి ఎత్తింది ఎత్తినట్లే ఉండిపాయె. బిడ్డ అంచుల నుంచి నడుమకు తుడిచి, గుడ్డను బకెట్లో పిండింది. నేను గోడకు ఆనుకుని కూలబడి, మా ఆయన కోసం బోరున ఏడ్చినా.

బిడ్డ ఆ తడిగుడ్డతోనే నాకాడికి వచ్చింది. చెవుల కాడ మొదలుపెట్టి ముక్కు వైపుకు, నిమ్మళంగా నా మొహం తుడిచింది.

"ఇంకా ఉండాది. కదలాకమ్మా" అనింది.