కొత్త మంత్రివర్గం, పాత మలుపు

ప్రభుత్వం మారుతోందన్న సంగతి పేపర్ల వాళ్లకన్నా ముందు మంత్రుల కార్ల షెడ్డుకి తెలుస్తుంది. ఫలితాలు పూర్తిగా రాకముందే డ్రైవర్లు బళ్లలోంచి పాత మంత్రుల దిండ్లు, తువ్వాళ్లు తీసి మూట కట్టేస్తారు. ఎవరి కళ్లజోడు ఏ సీటు కింద దొరికిందో చెప్పుకుని కాసేపు నవ్వుకుంటారు. ఆ తర్వాత ఎవరి బెంగ వాళ్లది. మంత్రి దిగిపోయాక డ్రైవరు అక్కడే ఉంటాడా, ఎక్కడికో పోతాడా అన్నది కొత్తగా వచ్చినవాళ్ల దయ. రూల్సులో అలా లేదు. రూల్సులో లేనివి ఎన్ని జరగడం లేదు గనక!

ఈసారి అందరికన్నా ఎక్కువ బెంగపడ్డవాడు సాఫీ. అసలు పేరు వేరే ఉంది గానీ దాన్ని వాడేవాళ్లు లేరు. వెనక కూర్చున్నవాళ్లు టీ తాగుతున్నా చుక్క ఒలకనంత సాఫీగా బండి నడుపుతాడని ఆ పేరు పెట్టారు. పదేళ్లకు పైగా అతను నీటిపారుదల మంత్రి పెద్దాయన్ని తిప్పాడు. ఇప్పుడు పెద్దాయన ఓడిపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆ శాఖ ఎవరికిచ్చారయ్యా అంటే, సభలో ఆయన్ని ఏళ్ల తరబడి ఉతికి ఆరేసిన ఆవిడకే. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. పదవి దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి శాఖ అప్పగించి నాలుగు మాటలు చెప్పి వెళ్లడం మర్యాద. ఆయన రాలేదు, ఆవిడ రమ్మని అడగలేదు.

"పెద్దాయన మనిషి" అన్న ముద్ర సాఫీ నొసట ఉండనే ఉంది. కొత్త మంత్రి బండి ప్రస్తుతానికి అతనికే ఇచ్చారు గానీ, ఒక్క ఫిర్యాదు వచ్చినా ఊరవతలి డిపోకి పంపడం ఖాయమని షెడ్డు సూపర్‌వైజరు అతని ఇంటి వాకిట్లోకే వచ్చి ముందే చెప్పేశాడు. ఉద్యోగం పోదు. పోయేది ఇల్లు. షెడ్డు వెనకున్న రెండు గదుల క్వార్టరు మంత్రుల బళ్లు నడిపేవాళ్లకి మాత్రమే ఇస్తారు.

ఇల్లుదేముంది, ఇంకోటి దొరకదా అనేవాళ్లకి అతని తల్లి సంగతి తెలియదు. ఆవిడకి చూపు పోయి చాలా కాలమైంది. అయినా ఆ ఇంట్లో మాత్రం ఆవిడ గుడ్డిది కాదు. గోడ మీద చెయ్యి వేసిందంటే చాలు, పొయ్యి దగ్గరికి, నీళ్ల బిందె దగ్గరికి, వాకిట్లో అరుగు మీదికి తనంతట తనే వెళ్లిపోతుంది. ఆవిడ చెయ్యి రాసుకుని రాసుకుని గోడల వెంట నడుమెత్తున ఒక నున్నటి చార పడింది. ఎన్నిసార్లు సున్నం వేసినా అది మళ్లీ తేలుతుంది. కోడలు పోయాక కూడా వంట మానలేదు మహాతల్లి. వేరే ఇంట్లో పెడితే ఆవిడ మంచం దిగదని సాఫీకి తెలుసు.

ఈ మధ్య ఆవిడ మోకాళ్ల కింద కమిలిన మచ్చలు కనిపించాయి. ఎప్పుడూ దేనికీ తగలని మనిషికి ఇవేమిటని అడిగాడు. "వయసురా" అని కొట్టిపారేసింది. తన బెంగలో తానుండి అతను రెట్టించలేదు.

కొత్త మంత్రివర్గం మొదటి సమావేశం రోజు వచ్చింది. మంత్రమ్మకి ఇంకా బంగళా ఇవ్వలేదు, షెడ్డు పక్క గెస్టుహౌసులో ఉంటోంది. ఆవిడ బండిలో వెనక కూర్చుని కాగితాల్లో తల దూర్చేసింది. ముందు సీట్లో పీఏ ఫోన్లో మునిగిపోయాడు. గడియారస్తంభం దగ్గర నేరుగా పోతే సచివాలయం, ఎడమకి తిరిగితే పెద్దాయన ఇల్లు. పదేళ్లుగా రోజూ ఉదయం సాఫీ అక్కడ ఎడమకే తిరిగాడు.

ఆ రోజూ తిరిగాడు. అలవాటులో పొరపాటు. మనసేమో తల్లి గురించి, క్వార్టరు గురించి ఆలోచిస్తోంది, చేతులేమో వాటి పని అవి చేసుకుపోయాయి. బండి మెత్తగా వెళ్లి పెద్దాయన గేటు ముందు ఆగింది. ఆగడమే కాదు, రోజూ కొట్టినట్టే రెండుసార్లు హారన్ కూడా కొట్టాడు. ఆ హారన్ వినపడ్డాక గానీ తను చేసిందేమిటో తెలియలేదు. 

రివర్సు గేరు వేసేలోపే గేటు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలుసంచి, పెద్దాయన గబగబా వచ్చేశాడు. వచ్చి, అలవాటుగా వెనక తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, అప్పుడు చూశాడు లోపల ఎవరున్నారో.

 

"హారన్ వినపడిందమ్మా. వచ్చేశాను," అన్నాడు పెద్దాయన. కాలు మాత్రం వెనక్కి తీసుకోవడం మర్చిపోయాడు.

పీఏ తేరుకుని, ఇది కావాలని చేసిన పని, మేడంని అవమానించడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారు అని లేచాడు. అప్పుడే సూపర్‌వైజరుకి ఫోన్ కలుపుతున్నాడు కూడా. మంత్రమ్మ అతన్ని ఆపి డ్రైవరు వైపు చూసింది.

"ఇక్కడికెందుకు తెచ్చారు?"

సాఫీకి అబద్ధం చెప్పే తెలివి ఉంటే ఎప్పుడో బాగుపడేవాడు. "ప్రభుత్వం మారిందని నాకు తెలుసమ్మా. చేతులకి ఇంకా తెలియలేదు," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. కాగితాలు ఒళ్లోకి తీసుకుని పక్కకి జరిగింది. ఎలాగూ కాలు పెట్టారు కదా, కూర్చోండి అంది పెద్దాయనతో. ఆయన ముందుకీ వెనక్కీ ఊగి, కూర్చున్నాడు. ఎటైనా నెమ్మదిగా పోనివ్వమంది.

సాఫీ పార్కు చుట్టూ బండి తిప్పాడు.  మాట పెద్దాయనే మొదలెట్టాడు. ఇవాళ సమావేశంలో కాలవలకి వెంటనే నీళ్లు వదలమని మీవాళ్లు పట్టుబడతారు, ఒప్పుకోవద్దు, పై ఆనకట్ట గేట్లు మరమ్మతుకని సగం విప్పి ఉన్నాయి, ఒకసారి వదిలితే మళ్లీ ఆపలేం, కింద ఊళ్లు మునుగుతాయి అన్నాడు. తప్పు తమ మీదికి వస్తుందని ఆఫీసర్లు పైకి చెప్పరట.

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"నేను అడగనని మీకు తెలుసు కదా."

"తెలుసు," అని ఒప్పుకున్నాడు పెద్దాయన. "అందుకే రెండు రోజులుగా నిద్ర లేదు."

ఆయన్ని మళ్లీ గేటు దగ్గర దించారు. లోపలికి పోతూ, "నీకు పుణ్యముంటుందోయ్ సాఫీ" అన్నాడు. పుణ్యం సంగతి తర్వాత, క్వార్టరు ఉంటుందా అన్నదే సాఫీ బెంగ. సచివాలయం మెట్ల దగ్గర ఆగగానే, రేపటి నుంచి వేరే డ్రైవరుని రప్పిస్తానన్నాడు పీఏ.

"ఎందుకు? ఈయన చేతులకి నా దారీ అలవాటవుతుంది. కాస్త టైమిద్దాం," అని మంత్రమ్మ మెట్లెక్కేసింది.

గేట్ల మరమ్మతు అయ్యేదాకా కాలవలకి నీళ్లు వదలడం లేదని సాయంత్రం రేడియోలో చెప్పారు. కొత్త మంత్రి ముందుచూపుని మెచ్చుకున్నారు. సాఫీ అది పూర్తిగా వినకుండా ఇంటికి పరుగెత్తాడు.

తలుపు తీసేసరికి తల్లి గది మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులూ కట్టుకుని, గోడకి దూరంగా, ఒక్కొక్క అడుగే వేస్తోంది. అతను చూస్తుండగానే స్టూలు మోకాలి కింద తగిలింది. ఆవిడ పళ్లు బిగించి, చేతులు విప్పకుండానే పక్కకి తప్పుకుని మళ్లీ నడిచింది. ఆ మచ్చలెక్కడివో అతనికి అప్పుడు తెలిసింది. వేరే ఇంటికి పోవాల్సొస్తే కొడుక్కి బరువు కాకూడదని, అతను లేనప్పుడు రోజూ గోడ లేకుండా నడవడం నేర్చుకుంటోంది ఆ పిచ్చితల్లి.

 సాఫీ దగ్గరికి వెళ్లి, ఆవిడ కట్టుకున్న చేతులు విప్పి, ఒక చేతిని తీసుకెళ్లి ఆ నున్నటి చార మీద పెట్టాడు.

"ఇక పట్టుకోవచ్చమ్మా," అన్నాడు.