చేత్తో తిప్పి చూసే మనిషి

మా వియ్యంకుడు మొన్న శుక్రవారం కాలం చేశారు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వచ్చే మొదటి బస్సు కండక్టరు దిగి, మా గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పాడు. నేను నమ్మలేదు. నీకు ఎవరు చెప్పారు, కళ్లారా చూశావా అని అడిగాను. అడిగాక తెలిసింది, ఆ ప్రశ్నలు నావి కావని. అవి ఆయనవి. ఇన్నేళ్ల వియ్యంలో ఆయన అనుమానం నాకూ అంటుకుంది.

ఆత్మకూరులో బస్సు డిపో దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. కార్ల మెకానిక్కు. ఊరంతా మేస్త్రీ అనేది. బస్సెక్కే ముందు వంగి టైర్లు చూసేవారు. హోటల్లో టీ ఇస్తే ముందు వాసన చూసేవారు. నేను చెక్క గరిటెలు చేసేవాణ్ణి గదా, మొదటిసారి కలిసినప్పుడు మా కొండల్లో దొరికే నర్ది కర్రతో చేసిన గరిటె ఒకటి ఇచ్చాను. వెలుతురుకు పెట్టి చూసి, "దీంట్లో అతుకు ఏడుండాది?" అన్నారు. అతుకు లేదన్నా, ఒకటే కర్ర అన్నాను. గోటితో గీరి చూశారు. నీళ్లలో నానేసి, మరునాడు కూడా విడిపోలేదని తేలాకే వంటింట్లోకి పంపారట.

ఇట్లాంటి మనిషితో ఎట్లా వేగావయ్యా అని అడిగేవాళ్లున్నారు. నేను ఆనందంగా వేగాను. ఆయన కూతురు నా కోడలు. నా ఇల్లు ఈరోజు ఇంత కళకళలాడుతోందంటే, నా మనవరాలు నా ఉలి లాక్కొని పరుగెత్తుతోందంటే, అదంతా ఆ అనుమానం పెట్టిన భిక్షే. అది ఎట్లాగో చెబుతాను.

తొంభైల మొదట్లో నెల్లూరు వైపు రొయ్యల గుంటలకు మంచి గిరాకీ. మా అబ్బాయి ఒక రొయ్యల యజమాని దగ్గర డ్రైవరు. ఆ యజమానికి కారు పందేల పిచ్చి పట్టింది. ఎక్కడినుంచో విదేశీ కారు ఒకటి సంపాదించి, మద్రాసు దగ్గర జరిగే పందెంలో మావాడి చేత తోలించాలనుకున్నాడు. ఇంజను ఇంకా జోరుగా లాగాలని కొత్త క్యామ్ షాఫ్టులు రెండు తెప్పించాడు. ఇంజను తలమీద తిరిగే కడ్డీలవి. వాటిమీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. అవి తిరుగుతూ వాల్వుల్ని నొక్కి తెరుస్తాయి. కొత్తవాటి బుడిపెలు ఎత్తు ఎక్కువ. వాల్వు ఇంకా లోతుకు దిగి, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటుంది.

నెల్లూరు నిండా షెడ్లుండగా కారును ఆత్మకూరు దాకా ఎందుకు తెచ్చారు? మేస్త్రీ మొదటి అనుమానం అదే. అనుమానం సరైనదే. మావాడికి ఆయన కూతురి మీద మనసు. అమ్మాయికీ ఇష్టమే. పిల్లనడగమని నన్ను వెంట తీసుకెళ్లాడు. నేను అడిగాను.

"పందేలు తోలేవోడికి పిల్లనిచ్చి నేను నిద్రపోవద్దా?" అన్నారు మేస్త్రీ. "ముందు కారు పని కానీ. వాణ్ణి కూడా చూస్తాను."

పాత షాఫ్టులు ఊడదీసి, కొత్తదాన్ని చేతిలో తిప్పుతూ చాలాసేపు చూశారు. ఇది ఈ ఇంజనుకు చేసిందేనని ఎవరు చెప్పారని యజమానిని అడిగారు. పెట్టెమీద రాసుంది గదా అన్నాడు యజమాని. పెట్టెమీద ఏమైనా రాస్తారంటూ, బిగించడం మానేసి ఇంజను తల మొత్తం పైకెత్తారు. షెడ్డు వెనకే ఇల్లు. చపాతీ పిండి ముద్ద తెమ్మని కూతురికి కేకేశారు. అమ్మాయి తెచ్చింది. మావాడు తల వంచుకొని స్పానర్లు తుడుస్తున్నాడు, అదివరకే తుడిచినవాటినే.

పిండికి నూనె రాసి పిస్టన్ మీద అద్ది, మళ్లీ అంతా బిగించి, స్పానరుతో ఇంజనును నెమ్మదిగా చేత్తో తిప్పి, మళ్లీ విప్పారు. పిండిమీద వాల్వు గుర్తు పడింది. ఒకచోట పిండి పూర్తిగా తెగి, కింద ఇనుము కనబడుతోంది. అంటే వాల్వు పోయి పిస్టన్‌కు తగులుతోంది. పందెంలో ఆ వేగానికి ఇంజను ముక్కలయ్యేది. లోపల కూర్చున్నది నా బిడ్డ. అంతకుముందు ఎవరో ఇంజను తల అడుగును అరగదీశారట, అందుకే రెంటికీ మధ్య ఎడం తగ్గింది. "పిండి చెప్పింది, నేను గాదు" అన్నారు మేస్త్రీ. ఆ మాట తరువాత మా రెండిళ్లలోనూ వాడుకైపోయింది.

పిస్టన్ల తలమీద వాల్వులకు గుంటలు లోతు చేయించాలన్నారు. మేం గరిటెకు గుంట తీసినట్టేగా అన్నాను. అడుగు పలచబడిందని నీకు ఎట్లా తెలుస్తుందని అడిగారు. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి చూస్తానన్నాను. నా వేళ్లవంక కూడా అనుమానంగానే చూశారు.

గుంటలు తీసే లేతు మిషను పని రోజుల తరబడి సాగింది. నాకూ అనుమానం మొదలైంది. పిల్లనివ్వడం ఇష్టం లేక ఈయన సాగదీస్తున్నాడురా అన్నాను మావాడితో. ఊరుకో నాయనా అన్నాడు.

చివరికి అంతా బిగించిన రోజు వచ్చింది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "అయిపోయింది. తాళం తిప్పురా" అన్నారు. మావాడు సీట్లో కూర్చుని తాళంమీద చెయ్యి వేశాడు. వేసి, ఆగి, దిగాడు.

"ఒకసారి చేత్తో తిప్పి చూస్తాను మేస్త్రీ."

"ఆయనే అయిపోయిందంటా ఉంటే ఇంకేంది?" యజమాని విసుక్కున్నాడు.

పిల్లనడిగిన ఇంట్లో, ఆ పిల్ల తండ్రి పనినే, ఆయన ముందే శంకించడమా? వద్దురా అని కళ్లతో సైగ చేశాను. మావాడు చూడలేదు. మేస్త్రీ తనకేమీ పట్టనట్టు రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు. మావాడు స్పానరు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. ఒక చుట్టు కూడా పూర్తికాకముందే ఆగిపోయింది. వాడు బలవంతం చేయలేదు.

"ఏడో తగల్తా ఉండాది. బెల్టు పళ్లు తప్పి ఉండాయి మేస్త్రీ."

మేస్త్రీ ఇటు తిరిగారు. చొక్కా జేబులోంచి బ్యాటరీ తీగ తీసి అందరికీ చూపించారు. షాఫ్టుల్ని తిప్పే బెల్టును తప్పించి పెట్టింది ఆయనే. తాళం తిప్పినా ఇంజను కదలకుండా తీగ ఊడదీసి దాచిందీ ఆయనే. అప్పుడు మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

"నన్ను గూడా నమ్మలా వీడు," అన్నారు నాతో. "వీడికి ఇస్తాను పిల్లని."

మావాడు బెల్టు సరిచేసి, మళ్లీ చేత్తో తిప్పి, అప్పుడు తాళం తిప్పాడు. ఇంజను తడబడుతున్నట్టు గుడగుడమంది. ఎత్తు బుడిపెల షాఫ్టులకు అది సహజమేనట. రేకులన్నీ అదిరాయి. యజమానిని ఎక్కించుకొని నెల్లూరు రోడ్డు పట్టాడు.

మేస్త్రీ వెళ్లి రోడ్డు మధ్యలో నిలబడ్డారు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, తల కాస్త వంచి ఇంజను చప్పుడు వింటున్నారు. కారు మలుపు తిరిగింది. చప్పుడు సన్నబడింది, తరువాత లేదు. బద్వేలు బస్సు హారన్ కొట్టి, కొట్టి, ఆయన్ని చుట్టుకొని పోయింది.

"ఇంకా ఏం వినపడతా ఉండాది బావా?" అన్నాను. బావా అని పిలవడం అదే మొదలు.

మాట్లాడొద్దన్నట్టు రెండో చెయ్యి పైకెత్తారు. ఖాళీ రోడ్డువైపే చూస్తూ, అట్లాగే వింటూ ఉన్నారు.