అడగకుండా తెరిచిన పెట్టె

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులిచ్చారంటే నన్ను బెజవాడలో మా పెదనాన్న ఇంటికి పంపించేసేవారు. ఆయనకు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న బండి వచ్చేది. దానికి చెక్కతో ముందు క్యాబినూ, వెనక తొట్టీ కట్టి, రంగులేసి పంపేవాళ్ళు. ఏడుగురు వడ్రంగులు, వాళ్ళ మీద ఒక పెద్ద మేస్త్రి. మధ్యాహ్నం పెదనాన్నకు అన్నం క్యారేజీ పట్టుకెళ్ళడం నా పని. పటమట నుంచి నడిచి వెళ్ళేసరికి అరికాళ్ళు మాడిపోయేవి. అయినా నేనెప్పుడూ వెళ్ళనని అనలేదు.

ఎందుకంటే ఆ షెడ్డులో ఎప్పుడూ సందడే. ఒకరి పెళ్ళాం వంట మీద ఇంకొకరు వేళాకోళాలు ఆడేవాళ్ళు. మేస్త్రి నవ్వకుండా అందరినీ నవ్వించేవాడు. తొట్టికి ఆఖరి చెక్క బిగించిన రోజున అందరూ చుట్టూ నిలబడి అరచేతులతో దాన్ని దబదబా చరిచేవాళ్ళు. రంగు ఆరలేదురా అని పెదనాన్న గొణిగేవాడు, గొణుగుతూనే తనూ ఒక చెయ్యి వేసేవాడు.

అక్కడ ప్రతి వడ్రంగికీ ఒక పెట్టె ఉండేది. ఉలులు, బాడిస, రంపం, చిత్రిక, అన్నీ అందులోనే. ఒకరి పెట్టెలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. పక్కవాడి ఉలి కావాలంటే అడిగి తీసుకోవాలి, పని కాగానే తుడిచి, పిడి అతనివైపు తిప్పి ఇవ్వాలి. దసరాకి ఎవరి పెట్టెకు వాళ్ళే బొట్టు పెట్టుకునేవారట. ఇదంతా ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు. పదేళ్ళ పిల్లని, నాకు కూడా తెలుసు.

ఒకరోజు నేను క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. కోత మిషను దగ్గర నేల మీద రంపపు పొట్టు మందంగా పోసి ఉంది. దాని కింద ఏముందో నాకెవరూ చెప్పలేదు. పెద్ద మేస్త్రి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయని ఇంటికొచ్చాక పెద్దమ్మ చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

పెదనాన్న ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నాడు. వైద్యం ఖర్చంతా తనే పెట్టుకున్నాడు, అందులో ఆయన్ని వేలెత్తి చూపడానికేమీ లేదు. తప్పు మర్నాడు జరిగింది. అప్పుడు కడుతున్న లారీ నూజివీడు మామిడికాయల లోడుకి కావాలి. కాయ కోతకొచ్చేసింది, లారీ ఓనరు రోజూ మనిషిని పంపుతున్నాడు. పెదనాన్న ఇబ్రహీంపట్నం నుంచి ఒక వడ్రంగిని పిలిపించాడు. అతని సామానంతా ఇంకో పనిలో ఇరుక్కుపోయిందట, ఉత్త చేతులతో వచ్చాడు. పెదనాన్న పెద్ద మేస్త్రి పెట్టె తెరిచి అతని ముందు పెట్టాడు.

నేను క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. ఏడుగురి చేతులూ ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. అంతే జరిగింది.

ఆ రోజు నుంచి షెడ్డు చచ్చిపోయింది. టైముకి వచ్చేవాళ్ళు, టైముకి వెళ్ళేవాళ్ళు. చెప్పింది చేసేవాళ్ళు, చెప్పనిది ముట్టుకునేవాళ్ళు కాదు. కొలతలు తప్పితే మళ్ళీ కోసేవాళ్ళు, మళ్ళీ తప్పేవి. పెదనాన్న కోప్పడి చూశాడు. తర్వాత రెండుపూటలా టీ తెప్పించాడు, సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. కూలి పెంచాడు. ఎక్కడినుంచో ఒక రేడియో తెచ్చి పెట్టాడు. వాళ్ళు బజ్జీలు తిన్నారు, రేడియో విన్నారు, మాట్లాడలేదు. వారం తిరిగేసరికి ఇద్దరు ఈ నెలాఖరుకి వెళ్ళిపోతామన్నారు. వాళ్ళు పోతే మిగతావాళ్ళు ఆగరు. కంకిపాడు దగ్గరి పొలమంతా అమ్మి పెట్టిన షెడ్డు అది. ఇంకెక్కడా ఏమీ లేదు. అన్నం ముందు కూచుని, నేను వీళ్ళకేం తక్కువ చేశానని పెదనాన్న పెద్దమ్మని అడిగేవాడు. పెద్దమ్మ మజ్జిగ పోసేది.

ఒక సాయంత్రం బత్తాయిలు కొని నన్ను కూడా రిక్షా ఎక్కించుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడు. ఏలూరు కాలవ పక్కన పెంకుటిల్లు. మేస్త్రి మంచం మీద కూచుని ఉన్నాడు. కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, అది తనది కానట్టు. లారీ ఎంతవరకూ వచ్చిందని అడిగాడు. పెదనాన్న చెప్పాడు.

"నా పెట్టె ఎవరి దగ్గరుందండీ?" అన్నాడు మేస్త్రి.

షెడ్డులోనే ఉందని చెప్పాడు పెదనాన్న, పెట్టినచోటే ఉందని. మేస్త్రి నావైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన బత్తాయిల సంచి వంక చూస్తూ అన్నాడు.

"నిన్న మనవాడొకడు వచ్చి చెప్పాడు లెండి. వేళ్ళు పోయినందుకు కాదండీ నా బాధ. మీరొక్క మాట అడిగుంటే, ఆ పెట్టె నేనే ఇచ్చేవాణ్ణి."

రిక్షాలో తిరిగి వచ్చాం. నాకు సిగ్గేసింది. అబద్ధానికి తలూపినందుకు మేస్త్రి తిట్టినా పోయేది, ఆయన తిట్టలేదు కూడా.

మర్నాడు పొద్దున్నే పెదనాన్నతో పాటు నేనూ షెడ్డుకు వెళ్ళాను. ఇబ్రహీంపట్నం వడ్రంగిని సామాను ఇచ్చెయ్యమన్నాడు. మాట పూర్తి కాకముందే అతను ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పేర్చేశాడు. ఇన్నాళ్ళూ ఆ ఉలి పట్టుకున్నప్పుడల్లా అందరూ తననే చూస్తున్నారని, చెయ్యి కుదరలేదని చెప్పుకున్నాడు పాపం. పెదనాన్న ఆ పెట్టె భుజానికెత్తుకున్నాడు. కుర్చీ కూడా తనంతట తను జరుపుకోని మనిషి. ఇద్దరు సాయం రాబోతే వద్దన్నాడు. అంత బరువూ మోసుకుంటూ ఎండలో కాలవ దాకా నడిచాడు, వెనకాలే నేను.

మేస్త్రి ముందు దించి, "అడక్కుండా తీశాను మేస్త్రీ. తప్పు చేశాను. ఎవరికిస్తావో, అసలిస్తావో ఇవ్వవో నీ ఇష్టం," అన్నాడు. మేస్త్రి పరవాలేదండీ అని కూడా అనలేదు. మేం తిరిగి వచ్చేశాం.

మూడోరోజు మేస్త్రి రిక్షాలో పెట్టె వేసుకుని షెడ్డుకొచ్చాడు. ఎడంచేత్తో ఒక్కొక్కటీ తీసి ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. చిత్రిక ఒకరికి, రంపం ఒకరికి. పెద్ద ఉలి ఇబ్రహీంపట్నం అతనికే ఇచ్చాడు, పిడి అతనివైపు తిప్పి. అతను కళ్ళు తుడుచుకున్నాడు. మేస్త్రి మొహంలో మాత్రం ఏమీ లేదు. అన్నీ అయిపోయాక ఖాళీ పెట్టె మూత వేసి, దాని మీద కూచుని టీ తాగి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ పనికి రాలేదు.

వెళ్ళిపోతామన్న ఇద్దరూ ఆగిపోయారు. కొలతలు తప్పడం మానేశాయి. లారీ నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళింది, ఓనరు నానా మాటలూ అన్నాడు. ఆఖరి చెక్క బిగించిన రోజు ఎవరూ చరవలేదు. కాసేపు చుట్టూ నిలబడి చూశారు, అంతే. తర్వాతి లారీకి చరిచారేమో నాకు తెలియదు, బడి తెరిచేశారు.

ఇప్పుడు నేను కంకిపాడులో స్కూలు యూనిఫారాలు కుట్టించే చిన్న కేంద్రం నడుపుతున్నాను. తొమ్మిదిమంది ఆడవాళ్ళు. ఉద్యోగుల్లో ఉత్సాహం ఎలా నింపాలో మా అబ్బాయి ఏదో శిక్షణకు వెళ్ళి నేర్చుకొచ్చాడు. నెలకొకరి ఫొటో గోడకెక్కుతుంది, పుట్టినరోజులకు కేకు కోస్తారు. నేనేమీ అనను. కేకు బాగానే ఉంటుంది, రెండు ముక్కలు తింటాను.

మొన్నామధ్య మా కటింగ్ చేసే ఆమెకు పక్షవాతం వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఉన్న మనిషి. మావాడు గన్నవరం నుంచి కొత్తమ్మాయిని తెచ్చి, మంచాన పడ్డ ఆమె పెద్ద కత్తెర కోసం సొరుగు లాగబోయాడు. నేను చేత్తో మూసేశాను. "అమ్మా, జూన్లో స్కూళ్ళు తెరుస్తారు," అన్నాడు. కొత్త కత్తెర కొనమన్నాను. మిషన్ల చప్పుడు ఆగింది, ఆడవాళ్ళు నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు.

ఆటో ఎక్కి ఆమె ఇంటికెళ్ళి అడిగాను, నీ కత్తెర ఆ అమ్మాయికి ఇవ్వమంటావా అని. ఆమెకు మాట రావడం లేదు. నన్ను చాలాసేపు చూసి గోడవైపు తిరిగిపోయింది. గంటసేపు కూచుని వచ్చేశాను. జరిగింది జరిగినట్టే కేంద్రంలో అందరికీ చెప్పాను. అడగడమంటే, ఇవ్వనంటే ఊరుకోవడం కూడానని మావాడికి చెప్పాను. ఏమర్థమైందో ఏమో, కొత్త కత్తెర కొనుక్కొచ్చాడు.

నిన్న మళ్ళీ వెళ్ళాను. ఈసారి గోడవైపు తిరగలేదు. ఇస్తానన్నట్టు తలూపనూ లేదు. వచ్చేవారం మళ్ళీ వెళ్తాను, కత్తెర ఊసు ఎత్తకుండా.