ఎడారి గది తలుపు

అద్దాల తోటలో మొక్కలు చూసుకునే ఆవిడను అందరూ తలుపులత్త అంటారు. అనరూ మరి! తోటలో మూడు గదులు: తేమ అడవి, చలికొండ, ఎడారి. ఎవరు ఏ గదిలో అడుగుపెట్టినా వెనకనుంచి ఒకటే కేక, "తలుపూ!" సందులకు రబ్బరు పట్టీలు కూడా తనే దగ్గరుండి కొట్టించింది.

"ఏ ప్రపంచం దానిదే. ఒకదాని ఊసు ఇంకోదానికెందుకు?" అని చూడవచ్చిన వాళ్లకు చెప్పేది.

టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే కోడలు ఓసారి అడిగింది. "మరి బయట అడవికీ ఎడారికీ మధ్య తలుపెవరు పెట్టారత్తయ్యా?"

"ముందు నీ నోటికి పెట్టాలి," అందిగానీ, ఆ ప్రశ్న చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఎడారి గదిలో నిలువెత్తు కాక్టస్ ఒకటుంది. పనిలో చేరిన ఏడాది అత్తే నాటింది. ఇప్పుడు దాని మొదలు కుళ్లుతోంది. కొమ్మ కోసి నాటితే అదీ కుళ్లింది. ఇక విత్తనం ఒక్కటే దారి. పువ్వు పూస్తుందిగానీ కాయ నిలవదు. దాని పుప్పొడి దానికి పనికిరాదు, అదే జాతి మరో చెట్టుది కావాలి. తోటలో ఉన్నది ఇదొక్కటే. అయినా ఆశ చావక ఏటా ఆ పుప్పొడే కుంచెతో అద్దేది.

"నీ వంశం నా కళ్లముందే ఆగిపోతోందే తల్లీ!" అని కుమిలిపోయేది.

ఆ ఏడాది ఒకే ఒక్క పువ్వు పూసింది. పొద్దున్నే తేమ అడవిలో నీళ్లు చల్లుతుంటే, ఎడారి గది తలుపు అద్దానికి ఒక తేనెటీగ కొట్టుకుంటూ కనబడింది. పైకప్పు కిటికీలోంచి దూరినట్టుంది, కాళ్లనిండా పుప్పొడి.

"నీకు అటేం పనే?" అంది అత్త.

తలుపు తీస్తే తేమ లోపలికి పోతుంది, చెట్టు ఇంకా తొందరగా పోతుంది. తీయకపోతే? గొళ్లెం మీద చెయ్యి వేసింది. అయ్యేదేదో అవుతుందని బార్లా తీసి, బకెట్టు అడ్డం పెట్టి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. కోడలు చూసి నోరెళ్లబెట్టింది.

కాయ పండింది. కొన్నాళ్లకే చెట్టు కూలింది. ఇంట్లో మనిషి పోయినట్టే అత్త ఏడ్చింది. విత్తనాలు మొలిచాక మాత్రం కొత్త బెంగ పట్టుకుంది.

"ఏమే, ఆ పుప్పొడి ఎక్కడిదంటావ్?"

"బయటిదే అయ్యుండాలి అత్తయ్యా. ఊళ్లో ఎవరింట్లోనో ఇంకో చెట్టుంది."

"గేటు మీద జీవావరణం అని అంత బోర్డుందా! అది ఈ మూడు గదుల పేరే అనుకున్నానే. ఊరూ, గాలీ, ఆ ఈగా, మనమూ అన్నీ అందులోవేనన్నమాట!"

ఇక సెలవు దొరికితే చాలు, వీధివీధీ తిరిగేది, బాల్కనీలకేసి చూసీ చూసీ మెడ పట్టేసేది. చివరికి ఒక ఇరుకు సందులో, మూడో అంతస్తులో, పగిలిన తొట్టిలో కనబడింది. అదే జాతి! ఆయాసపడుతూ మెట్లెక్కి తలుపు తట్టింది. మెడలో టేపుతో ఒక ముసలి దర్జీ తీశాడు.

"మీరు నన్నెరగరు అన్నయ్యగారూ," అంటూ మొలకల కుండీ ముందుకు చాపింది. "మనం వియ్యాలవారం. మా పిల్ల పోయింది. మనవలను చూపిద్దామని తెచ్చాను."