బురదలో దిగబడిన సూత్రం

వానకు తడిసిన నాపరాళ్ల వాసన వస్తే ఈ వయసులో కూడా నా అరికాళ్లు చల్లబడతాయి. ఎస్తేరమ్మ టీచరు గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే ముప్పై దాటాక. వచ్చాక కూడా, రాసింది ఆమెకు చూపిస్తే ఎర్రసిరాతో గీతలు కొడుతుందని భయపడి రాయలేదు. ఇప్పుడు దిద్దడానికి ఆమె లేదు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టంలో రాళ్లు నునుపు చేసేదాన్ని. నా భర్త ఆ దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు. నాకూ దగ్గు మొదలయ్యాక, పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో నంద్యాల వచ్చి ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరాను. కొన్నేళ్లలో ఏడో తరగతి పాసైతేనే పని నిలుస్తుందన్నారు. హాస్టలు పక్కింటి ఎస్తేరమ్మ లెక్కల టీచరు. సాయంత్రాలు ఆమె వసారాలో కూర్చుని అ ఆల నుంచి పరీక్ష దాకా వచ్చాను. మెచ్చుకోవడం ఆమెకు తెలియదు. లెక్క సరిపోతే "ఊఁ, తర్వాతది" అనేది, అంతే.

అన్నీ వచ్చాయి గానీ ఒక్క సూత్రం రాలేదు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసి ఆపేసేదాన్ని. మధ్యలో ఆ రెండు ఎబి ఎందుకు రావాలో బుర్రకెక్కేది కాదు. బట్టీ పడతానంటే ఆమె పట్టనిచ్చేది కాదు.

పనిలో ఉండాలంటే ఆ ఏటి పరీక్షే ఆఖరి గడువు. పరీక్ష ముందురోజు మా అన్న ఆళ్లగడ్డ నుంచి వచ్చి టీచరమ్మ గడప దగ్గర కూర్చున్నాడు.

"రాళ్ల కొట్టం మేస్త్రీతో మాట్లాడినా. రేపు రాకుంటే వేరేవాళ్లను పెట్టుకుంటాడంట. పొద్దున బస్సుకే పోదాం పా. ఈ వయసులో పరీక్ష ఏందమ్మీ, అందరూ నవ్వుతాండారు."

"నవ్వేటోళ్లను నా దగ్గరికి పంపప్పా, వాళ్లకూ ఎక్కాలు చెప్తా" అంది టీచరు. తర్వాత నా వైపు తిరిగింది. "ఓబులమ్మా, నాకేమీ తెలీదనుకో. ఆ సూత్రం నాకు చెప్పు."

"పుస్తకంలో అట్ల ఉంది టీచరమ్మా."

"పుస్తకం సంగతి నేనడగలా. ఎందుకట్ల?"

చెప్పబోతే దగ్గు ముంచుకొచ్చింది.

"దానికి రాదులే టీచరమ్మా, ఇడ్సిపెట్టు" అన్నాడు అన్న.

ఆమె నా రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. అప్పుడే వాన వెలిసింది. నాపరాళ్లు పరిచిన చదరపు వాకిలిని ఒక మూలకు అటూ ఇటూ ఉన్న రెండు పక్కలా పెంచాలని తవ్వించి పెట్టింది. అక్కడంతా బురద.

"ఈ చదరం ఒక పక్క ఎ. అట్లా, ఇట్లా బి అంత పెంచుతాండా. మొత్తానికి ఎంత బండ కావాల?"

"పాతది ఎ స్క్వేర్. ఆ మూలది బి స్క్వేర్."

ఆమె మా అన్న చేత చిన్న చదరపు బండ ఒకటి మోయించి ఆ మూలన వేయించింది. "నీ లెక్కకు వాకిలి అయిపాయ. బయటి అంచు ఎమ్మడి నడువు."

నడిచాను. చీలమండ దాకా కాలు దిగబడింది. మూల బండ ఎక్కాను. అటు దిగితే మళ్లీ బురద.

"ఆడ బండలు ఎవరేస్తారు? మీ అన్నా?"

బురదలో నిలబడే చూశాను. పొడుగు ఎ, వెడల్పు బి. అటొకటి, ఇటొకటి.

"రెండు ఎబిలు టీచరమ్మా."

"ఊఁ. ఇప్పుడు మీ అన్నకు చెప్పు."

కాళ్లు కడుక్కోకుండానే చెప్పాను. అన్న చివరిదాకా విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మధ్యాన్నం గూడా బస్సుందిలే, నీ పరీక్ష అయినాక పోతా" అన్నాడు.

ఆ హాస్టల్లోనే రిటైరయ్యాను. ఎవరికి ఏది నేర్పాల్సివచ్చినా, ముందు వాళ్ల కాలు ఎక్కడ దిగబడుతోందో చూస్తాను. ఆమె దగ్గర నేను తెచ్చుకున్నది అదే.

బురదలో నడిచిన మరుసటి పొద్దున, ప్రశ్నపత్రంలో ఆ సూత్రం కనిపించగానే చెప్పులు విడిచి బెంచీ కింది నాపరాయి మీద కాళ్లు ఆనించాను. పేజీ పక్కన ఒక చదరం గీసి, నాలుగు భాగాలు చేసి, బురద ఉన్న రెండు చోట్లనే ముందు నింపాను.