అడవికి పెట్టిన దరఖాస్తు

నల్లమల అడవిలో మూడు రోజులు నడిచి, గుడారాల్లో పడుకుని, చివరి రోజున తాడు పట్టుకుని ఒక పెద్ద బండ మీది నుంచి కిందికి దిగాలన్నది నా కొడుకులిద్దరి ఆలోచన. వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాలన్నది నా ఆలోచన. అమీర్‌పేటలో మేము అద్దెకుండే వాటాలో ఈ రెండు ఆలోచనలూ నెల రోజుల పాటు ఎదురెదురుగా నిలబడ్డాయి.

అప్పటికి నేను మాసబ్ ట్యాంక్ దగ్గరి ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. మగ్గం తప్ప మరొకటి ఎరుగని కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. పెద్దవాడికి ఇరవై ఆరేళ్ళు, చిన్నవాడికి ఇరవై మూడు. మా వీధిలో గోడలకూ కరెంటు స్తంభాలకూ కొత్త కంప్యూటర్ కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి వచ్చిన పిల్లలు జిరాక్సు నోట్సులు పట్టుకుని మా మెట్ల మీద కూడా కూర్చునేవారు. నా కొడుకులు ఆ గుంపులోంచి ముందే బయటపడి, పొద్దున్నే కంపెనీ క్యాబు ఎక్కే స్థాయికి చేరుకున్నారు. నేను కోరిందీ, కొట్టి చదివించిందీ అందుకే. కానీ ఉద్యోగాలు వచ్చిన నాటి నుంచి వాళ్ళు నాతో నీళ్ళ మోటారు గురించి, గ్యాసు బండ గురించి తప్ప మరేమీ మాట్లాడలేదు.

నాకు అడవి మీద ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. ఇరుకు బాటలో ఒకరి వెనక ఒకరు మూడు రోజులు నడిచేవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడుకోక తప్పదని మాత్రం నమ్మాను. అంతకు మించి నేను ఆశించింది లేదు. నేనూ వస్తానని ఒక ఆదివారం భోజనాల దగ్గర ప్రకటించాను. పెద్దవాడు తల ఎత్తలేదు. చిన్నవాడు నీళ్ళ గ్లాసు చాటు నుంచి అన్న ముఖం చూశాడు.

నాకు తెలిసిన పద్ధతిలోనే సిద్ధమయ్యాను. ఒక ఫైలు తెరిచి, ట్యాగు కట్టి, ప్రయాణ ప్రణాళికను పేరాలకు వరుస సంఖ్యలు వేసి రాశాను. పాము కరిస్తే చేయవలసిన పనులు, తీసుకెళ్ళవలసిన మందులు, నిమ్మకాయ పచ్చడి ఎవరి సంచిలో ఉండాలన్న విషయం, అన్నీ అందులో ఉన్నాయి. చివర ముగ్గురి సంతకాలకూ చోటు వదిలి, నా సంతకం చేసి, భోజనాల బల్ల మీద పెట్టాను. మూడో రోజున ఆ ఫైలు మీద వేడి పప్పు గిన్నె ఉంది. గిన్నె పెట్టింది పెద్దవాడు. అట్ట మీద గుండ్రటి మరక పడింది.

"అన్నా, జర సంతకం పెట్టు. లేకుంటే ఫైలు ముంగటికి కదలదు," అన్నాడు చిన్నవాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వారు. నేను గిన్నె తీసి పక్కన పెట్టి, మరక తుడిచి, ఫైలును మళ్ళీ అక్కడే ఉంచాను.

పెద్దవాడి ప్రణాళిక కంప్యూటర్‌లో ఉండేది. దాని ప్రింటు ఒకటి సోఫా మీద నా కంట పడింది. వచ్చేవాళ్ళ పేర్లన్నిటికీ ఆకుపచ్చ రంగు వేసి, 'నాన్న' అని ఉన్న గడికి పసుపు వేశాడు. పక్కన 'డౌట్' అని రాశాడు. ఎవరికి డౌటో రాయలేదు.

బయలుదేరడానికి వారం ముందు, ఒక శనివారం సాయంత్రం పెద్దవాడు ఒక ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. యాత్ర నిర్వహించే బృందం వాళ్ళది. యాభై అయిదేళ్ళు దాటినవారిని అనుమతించబోమన్న వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఉంది. ఆ గీత వాళ్ళు గీసింది కాదు.

నాకు యాభై నాలుగేళ్ళు కాబట్టి అభ్యంతరం ఉండనవసరం లేదని అన్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా అమ్మ నన్ను ఆలస్యంగా బడిలో వేసింది. అంతకు ముందు నేను ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేవాణ్ణి. పెద్ద పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో ఎలా చేర్చుకోవడమని ఆలోచించి, హెడ్మాస్టరు నా వయసులోంచి మూడేళ్ళు తీసేసి, పుట్టిన తేదీగా జూలై ఒకటి రాసుకున్నాడు. మా అమ్మ సరేనంది. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి నా సర్వీసు రిజిస్టరులోకి నడిచి వచ్చింది. నా తరం వాళ్ళలో ఇలాంటి తేదీలు చాలామందికి ఉన్నాయి. చిన్నవాడి పదో తరగతి సర్టిఫికెట్ వచ్చిన రోజున, దానిలో తప్పులున్నాయేమోనని సరిచూస్తూ, నేనే ఈ కథ పిల్లలకు సరదాగా చెప్పాను. అందరం నవ్వుకున్నాం. మేము నలుగురం కలిసి నవ్విన సందర్భాలు తక్కువ. అందుకే అది నాకు బాగా గుర్తుంది. పెద్దవాడికీ గుర్తుందని ఆ శనివారం తెలిసింది.

"యాభై నాలుగా?" అన్నాడు పెద్దవాడు.

"సర్టిఫికెట్ ప్రకారం అంతే."

"సర్టిఫికెట్‌ను అడుగుతలేను. నిన్ను అడుగుతున్న. బండ మీదికి ఎక్కినంక నీ గుండె సర్టిఫికెట్ చూడదు."

చట్టం గుర్తించేది సర్టిఫికెట్‌నే అని, ఒకసారి నమోదైన తేదీని మార్చే అధికారం నాకు లేదని, ఆ తేదీ నేను రాసింది కాదని వరుసగా వివరించాను. వాడు అడ్డు రాకుండా మొత్తం విన్నాడు. విన్న తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నా ఆరు మార్కులు క్లాసు ముందట వాపస్ ఇప్పించినవ్ గదా, నాన్న. నీ మూడేండ్లు ఎవరికి వాపస్ ఇచ్చినవ్?"

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా లెక్కల పేపరులో మాస్టారు కూడిక తప్పి ఆరు మార్కులు ఎక్కువ వేశాడు. ఆ తప్పును ఇంట్లో నేను పట్టుకున్నాను. మర్నాడు వాణ్ణి చెయ్యి పట్టుకుని తరగతిలోకి తీసుకెళ్ళి, అందరి ముందూ మార్కులు తగ్గింపజేశాను. వాడి మొదటి స్థానం పక్క బెంచీ పిల్లవాడికి పోయింది. ఎవరో నవ్వారు. ఆ రోజు నేను ఆఫీసుకు చాలా గర్వంగా వెళ్ళాను, నలుగురికీ చెప్పాను కూడా.

"తండ్రిని గట్ల అడుగుతార్రా?" అంది నా భార్య వంటింటి గుమ్మంలోంచి.

"అడిగే పద్ధతి ఆయనే నేర్పిండమ్మా."

ఆనాడు ఆ మార్కులు తీయించబట్టే ఇవాళ నువ్వు ఈ స్థితిలో ఉన్నావని నేను గొంతు పెంచి అన్నాను.

"ఏ స్థితిల? నీ ముంగట నిలబడి సంజాయిషీ చెప్పుకునే స్థితిలనా?"

నన్ను తప్పించడానికే ఈ పాత కథను బయటికి తీశావని అన్నాను. వాడు కాదనలేదు. "అవును. మూడు దినాలు మా ఎనకనే నడుసుకుంట తప్పులు పట్టుకుంటవ్. నాకొద్దు," అన్నాడు. చిన్నవాడు టీవీ శబ్దం పెంచాడు. ఫారం నా ముందే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం పంజాగుట్టలో ఆ బృందం సమావేశం. ముగ్గురం ఒకే బస్సు ఎక్కి వేర్వేరు చోట్ల నిలబడ్డాం. ఒక ఇరానీ హోటలు పైన, రెండో అంతస్తులో వాళ్ళ గది. గోడలకు తాళ్ళు, ఇనుప కొక్కేలు వేలాడుతున్నాయి. నిర్వాహకుడు కోస్తా నుంచి వచ్చిన యువకుడు, మర్యాద తెలిసినవాడు. నేను సర్టిఫికెట్ జిరాక్సు తీసి ఇచ్చాను. దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం, రబ్బరు స్టాంపు చూసి అతను నవ్వు ఆపుకున్నాడు.

"ఏంటండీ సార్, కొండ ఎక్కడానికి గెజిటెడ్ సంతకమా? ఇవేం అక్కర్లేదండీ. మీ వయసెంతో మీరే రాసేయండి, చాలు."

కాగితాన్ని మడిచి తిరిగి ఇచ్చేశాడు. నా జీవితంలో నా వయసు గురించి కాగితాన్ని కాదని నన్నే అడిగిన మొదటి బయటి మనిషి అతనే.

ఫారం నింపుతూ వయసు గడి దగ్గర ఆగాను. పెద్దవాడు ఎదురుగా కూర్చుని నా పెన్నునే చూస్తున్నాడు. చిన్నవాడు నా వైపు వంగి, "యాభై నాలుగే రాయి నాన్న. అన్నతోని నేను మాట్లాడుత," అని గొణిగాడు. మా ఇంట్లో నా పక్షాన ఎవరైనా మాట్లాడి చాలా కాలమైంది. అయినా నేను యాభై ఏడు అని అంకెల్లో రాసి, అలవాటు ప్రకారం పక్కన అక్షరాల్లో కూడా రాశాను.

నిర్వాహకుడు చదివి ఇబ్బంది పడ్డాడు. ఏమీ అనుకోవద్దని, నియమం అందరికీ ఒకటేనని, తర్వాత ఎప్పుడైనా చిన్న నడకలు పెడితే కబురు చేస్తానని అన్నాడు. నియమాన్ని పాటించినందుకు నేను అతన్ని అభినందించాను. ఆ మాట అంటూ పెద్దవాడి వైపు చూశాను. సత్యం కోసమే ఆ అంకె రాశానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి వాణ్ణి ఓడించడానికి రాశాను. అప్పటికి నా చేతిలో ఆ అంకె తప్ప ఇంకేమీ మిగలలేదు.

వాడికి అది అర్థమైంది. మెట్లు దిగుతూ మధ్యలో ఆగాడు.

"ఇప్పుడు మేం పోతే తండ్రిని ఇడిచిపెట్టి పోయినోళ్ళం. పోకుంటే నీ మాట నెగ్గినట్టు. గిది సుత నువ్వే గెలిచినవ్."

గెలిచానన్న మాట వాడి నోట వినడం నాకు బాగుంది కూడా. వాడు ఇంకో రెండు మెట్లు దిగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"గిక్కడ రాసినవ్. మాసబ్ ట్యాంక్‌ల ఎప్పుడు రాస్తవ్?"

కింద కూడలిలో బస్సుల హారన్లు మోగుతున్నాయి. చిన్నవాడు మా ఇద్దరి మధ్య నుంచి దారి చేసుకుని కిందికి పోయాడు. వాళ్ళు టిఫిను చేయడానికి హోటల్లోకి వెళ్ళారు. నేను జిరాక్సు కాగితం జేబులో పెట్టుకుని అమీర్‌పేట దాకా నడిచి వెళ్ళాను. అంత దూరం ఆగకుండా నడవగలిగానని ఇంటికి వెళ్ళి నా భార్యకు చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "నాకెందుకు చెప్తున్నరు, వాళ్ళకు చెప్పుకోండి," అంది.

కొడుకులిద్దరూ వెళ్ళారు. చిన్నవాడు నా ఫైలులోంచి మందుల జాబితా ఉన్న కాగితం తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చాక వాడు ఫోటోలు చూపించాడు. ఇరుకు బాట నేను ఊహించినట్టే ఉంది. ఒక ఫోటోలో అన్నదమ్ములు ముందూ వెనకగా నడుస్తూ దేనికో నవ్వుతున్నారు. ఏమిటని అడిగితే గుర్తులేదన్నాడు. ఆ తర్వాత కూడా వాళ్ళు చాలాసార్లు అడవులకు వెళ్ళారు. నన్ను పిలవలేదు, నేనూ అడగలేదు.

మాసబ్ ట్యాంక్‌లో నేనేమీ రాయలేదు. అసలు వయసు ప్రకారం ఏడాదిలో దిగిపోవలసినవాణ్ణి, సర్టిఫికెట్ ప్రకారం మిగిలిన నాలుగేళ్ళూ పూర్తిగా పనిచేశాను. పదవీ విరమణ సభకు నా భార్య పట్టుబట్టి కొడుకులిద్దరినీ తీసుకొచ్చింది. పై అధికారి నా నిజాయితీ గురించి చాలాసేపు మాట్లాడి, సర్వీసు రిజిస్టరు తెరిచి, నా పుట్టిన తేదీ నుంచి వివరాలు చదవడం మొదలుపెట్టాడు. పెద్దవాడు మూడో వరుసలో, అంచు కుర్చీలో ఉన్నాడు. సభ ముగిసేదాకా నేను అటువైపు చూడలేదు.